జార్జియాలో కొన్న కారు, టెక్సస్‌లో యాక్సిడెంట్: డీలర్‌ని ఇక్కడి కోర్టుకి రప్పించొచ్చా?

ఫ్రిస్కో_శ్రీను
లా చదివినవాళ్లు ఎవరైనా ఉంటే కాస్త చూడండి. పోయినేడు అట్లాంటా పక్కన ఒక యూజ్డ్ కార్ డీలర్ దగ్గర ఎస్‌యూవీ కొన్నాను. ఆన్‌లైన్‌లో యాడ్ చూసి నేనే ఫోన్ చేశా. ఫొటోలు, వీడియోలు వాట్సాప్‌లో పంపాడు. అడ్వాన్స్ జెల్‌లో (బ్యాంకు యాప్) కొట్టి, వీకెండ్ ఫ్లైట్‌లో వెళ్లి సంతకాలు పెట్టి, కారు నడుపుకుంటూ ఇంటికొచ్చా. "క్లీన్ టైటిల్, ఒక్క యాక్సిడెంట్ కూడా లేదు" అని అతను పెట్టిన మెసేజ్ నా ఫోన్‌లో ఇప్పటికీ ఉంది.

ఈమధ్య మెకిన్నీలో సిగ్నల్ దగ్గర ఇంకో బండి వచ్చి ఎదురుగా గుద్దింది. మా ఆవిడ నడుపుతోంది. ఎయిర్‌బ్యాగ్ తెరుచుకోలేదు. మణికట్టు విరిగింది, మొహం స్టీరింగ్‌కి కొట్టుకుని పైపెదవికి కుట్లు పడ్డాయి. బాడీషాప్ అతను స్టీరింగ్ మధ్య కవర్ ఊడదీసి చూపించాడు. లోపల ఎయిర్‌బ్యాగ్ లేనే లేదు. కవర్‌ని జిగురుతో అంటించారు. డాష్‌బోర్డ్‌లో హెచ్చరిక లైటు వెలగకుండా వైర్ల మధ్య గోరంత రెసిస్టర్ ఒకటి పెట్టారు. కింద ఫ్రేమ్‌కి వెల్డింగ్ చేసి పైన నల్లరంగు కొట్టారు.

డీలర్ ఫోన్ ఎత్తట్లేదు. ఇక్కడ కాలిన్ కౌంటీలో కేసు వేద్దామంటే ఒక లాయరు "వాడు జార్జియా కంపెనీ, టెక్సస్ కోర్టుకి వాడిమీద జ్యూరిస్డిక్షన్, అంటే విచారించే అధికారం, ఉండకపోవచ్చు" అన్నాడు. దెబ్బ తగిలింది ఇక్కడ, ఆస్పత్రి ఇక్కడ, సాక్షులు ఇక్కడ. ఇదెక్కడి న్యాయం?

బే_ఏరియా_బుజ్జి
యాక్సిడెంట్ టెక్సస్‌లో అయితే కేసూ టెక్సస్‌లోనే కదా? ఆ లాయర్‌ని మార్చెయ్ అన్నా.

గోదారోడు
చెల్లెమ్మకి ఇప్పుడెలా ఉంది? ముందు అది చెప్పు బాబూ. ఎయిర్‌బ్యాగ్ పీకేసి లైటు వెలక్కుండా చేసి అమ్మడమంటే ప్రాణాలు తీసే పని.

ఫ్రిస్కో_శ్రీను
కట్టు ఉంది గోదారన్నా, నెమ్మదిగా కోలుకుంటోంది. రాత్రిళ్లు కారు ఎక్కాలంటే భయపడుతోంది.

ఎడిసన్_వకీలు
బుజ్జీ, లాయర్‌ని మార్చక్కర్లేదు, ఆయన సరైన చోటే అనుమానపడ్డాడు. శ్రీను గారూ, నేను ప్రాక్టీస్ చేసేది న్యూజెర్సీలో, టెక్సస్ లైసెన్స్ లేదు. అందుకని దీన్ని వివరణగానే తీసుకోండి.

కోర్టుకి రెండు అధికారాలు ఉండాలి. ఆ రకం కేసు వినే అధికారం ఒకటి, ఆ ప్రతివాదిని తన ముందుకు రప్పించే అధికారం ఇంకొకటి. మీ చిక్కంతా రెండోదానితో. రాజ్యాంగం 14వ సవరణలో డ్యూ ప్రాసెస్ (న్యాయమైన పద్ధతిలోనే విచారించాలన్న హామీ) ఉంది కదా, దాని ప్రకారం తమ రాష్ట్రంతో సంబంధం లేని బయటి కంపెనీని పిలిపించి తీర్పు చెప్పే హక్కు రాష్ట్ర కోర్టులకి లేదు. ఎంత సంబంధం ఉంటే చాలు అన్నదే ఎనభై ఏళ్లుగా నలుగుతున్న తగాదా.

మొదలు 1945లో, ఇంటర్నేషనల్ షూ కేసుతో. డెలావేర్‌లో రిజిస్టరై సెయింట్ లూయిస్ నుంచి నడిచే బూట్ల కంపెనీ. వాషింగ్టన్ రాష్ట్రంలో దానికి ఆఫీసు లేదు, గోడౌన్ లేదు. పదకొండు నుంచి పదమూడు మంది సేల్స్‌మెన్ మాత్రం ఉండేవాళ్లు. వాళ్ల చేతికి శాంపిల్‌గా జతలో ఒక్క బూటే ఇచ్చేవారు. ఆర్డర్ రాసుకుని సెయింట్ లూయిస్‌కి పంపాలి, అక్కడ ఒప్పుకుంటేనే సరుకు బయల్దేరేది. నిరుద్యోగ భృతి నిధికి చందా కట్టమని వాషింగ్టన్ అడిగితే, మేం మీ రాష్ట్రంలో లేనే లేమంది కంపెనీ. సుప్రీం కోర్టు వినలేదు. ఏళ్ల తరబడి అక్కడ వ్యాపారం చేసుకుంటూ, అక్కడి చట్టాల రక్షణ వాడుకుంటూ, ఆ వ్యాపారం మీద వచ్చిన బాకీ అడిగితే కోర్టుకి రానంటే కుదరదని తేల్చింది. "మినిమమ్ కాంటాక్ట్స్" (కనీస సంబంధాలు) అని లాయర్లు జపించేది ఈ తీర్పునే.

ఇప్పుడున్న ముఖ్యమైన దారులు రెండు. కంపెనీ రిజిస్టరైన రాష్ట్రం, హెడ్ ఆఫీసున్న రాష్ట్రం: అక్కడ దానిమీద ఏ కేసైనా వేయొచ్చు, సంఘటన ఎక్కడ జరిగినా సరే. మిగతా రాష్ట్రాల్లో అయితే, కంపెనీ తనంతట తాను ఆ రాష్ట్రం గిరాకీ కోసం వెళ్లి ఉండాలి, మీ కేసు ఆ గిరాకీకి సంబంధించినదై ఉండాలి. మొదటి దారి మిమ్మల్ని జార్జియాకే తీసుకెళ్తుంది. టెక్సస్ కావాలంటే రెండోదే గతి.

చికాగో_చలపతి
అంటే మోసం చేసినవాడి ఊరికి మోసపోయినవాడే వెళ్లి మొరపెట్టుకోవాలా? కారు ఒకచోట కుదురుగా ఉండే వస్తువా? శ్రీను టెక్సస్ వాడని డీలర్‌కి తెలుసు, బండి టెక్సస్ రోడ్ల మీద తిరుగుతుందని తెలిసే అమ్మాడు. ఇంకేం కావాలండీ?

ఎడిసన్_వకీలు
చలపతి గారూ, దాదాపు ఇదే వాదన 1980లో ఓడిపోయింది. వరల్డ్-వైడ్ ఫోక్స్‌వ్యాగన్ కేసు. ఒక కుటుంబం న్యూయార్క్ రాష్ట్రం మసీనాలో ఆడి కారు కొంది. మరుసటి ఏడు ఇల్లు మారి అరిజోనాకి వెళ్తుంటే దారిలో ఓక్లహోమాలో వెనకనుంచి ఇంకో కారు గుద్దింది. మంటలు లేచి తల్లికీ ఇద్దరు పిల్లలకీ ఒళ్లు తీవ్రంగా కాలింది. ఓక్లహోమాలోనే కేసు వేశారు, తయారుచేసినవాళ్ల నుంచి డీలర్ దాకా అందరి మీదా. న్యూయార్క్ డీలర్‌కి, ఆ ప్రాంతపు డిస్ట్రిబ్యూటర్‌కి ఓక్లహోమాలో ఒక్క అమ్మకం లేదు, ఒక్క యాడ్ లేదు. 6-3తో సుప్రీం కోర్టు వాళ్లిద్దరినీ వదిలేసింది. కారు అక్కడికి వెళ్లొచ్చని ఊహించగలిగితే సరిపోదంది. అలా అయితే అమ్మిన ప్రతి వస్తువూ తను పోయిన చోటల్లా అమ్మినవాడి తరఫున సమన్లు తీసుకునే ఏజెంటు అయిపోతుందని రాశారు.

కార్లు కదలడానికే ఉన్నాయన్న మీ మాట, ఒప్పుకోని ముగ్గురు జడ్జీలకీ తట్టింది. కానీ మెజారిటీ వాళ్లది కాదు.

గోదారోడు
ఆ లెక్కన మా బావమరిది పాత కామ్రీకి పది రాష్ట్రాల్లో ఏజెన్సీ ఉండేది.

ఆవకాయ_అమ్మాజీ
నేను చలపతి గారితో ఒప్పుకోను. షార్లెట్‌లో కమర్షియల్ కిచెన్ అద్దెకి తీసుకుని పచ్చళ్లు పెట్టి అమ్ముతున్నా. ఓరెగాన్ నుంచి ఒకావిడ, సీసా మూత ఎగిరి నూనెంతా పట్టుచీర మీద పడిందనీ, పోర్ట్‌లాండ్ కోర్టులో చూసుకుంటాననీ మెయిల్ పెట్టింది. నేను ఆవిడకి అమ్మనే లేదు. ఆవిడ చెల్లెలు ఇక్కడ కొని సూట్‌కేసులో పెట్టుకుని వెళ్లింది. ఆ ఒక్క సీసా కోసం నేను ఫ్లైటెక్కి, అక్కడ లాయర్‌ని పెట్టుకుని నిలబడాలంటే నా సీజన్ లాభం మొత్తం ఊడ్చుకుపోతుంది. ఈ రూలు పెద్ద కంపెనీల కోసమే పుట్టలేదు, మాలాంటి వాళ్లకీ ఇదే గొడుగు.

ఎడిసన్_వకీలు
అమ్మాజీ గారూ, చెల్లెలు తీసుకెళ్లింది కాబట్టి మీది ఆడి కేసు లాంటిదే, మీకు బలమైన వాదన ఉంది. అదే మీ చేత్తో అడ్రస్ రాసి పోర్ట్‌లాండ్‌కి పార్సిల్ వేసి ఉంటే కథ వేరు. 1957లో మెక్‌గీ కేసులో టెక్సస్ బీమా కంపెనీకి కాలిఫోర్నియాలో ఆఫీసు లేదు, ఏజెంటు లేడు. పోస్టులో నడిచిన ఒకే ఒక్క పాలసీ. గొడవ ఆ పాలసీ మీదే కాబట్టి అదొక్కటే చాలంది కోర్టు.

ఆవకాయ_అమ్మాజీ
అయితే ఓరెగాన్‌కి పార్సిళ్లు పంపుతూనే ఉన్నా కదా, వేరేవాళ్లకి. ఆవిడ దాన్ని పట్టుకుంటే?

ఎడిసన్_వకీలు
పట్టుకోవచ్చు, అదే అసలైన మెలిక. ఫోర్డ్ కేసు దాని గురించే. కాసేపట్లో అక్కడికొస్తా.

వరంగల్_వేణు
పెద్ద కంపెనీల ముచ్చట నేను జెప్త. నేను రైల్ కంపెనీలకు సాఫ్ట్‌వేర్ పని చేస్త. 2017ల బీఎన్‌ఎస్‌ఎఫ్ రైల్ కంపెనీ కేసు సూడుండ్రి. మోంటానాల ఆ కంపెనీకి రెండు వేల మైళ్లకు పైన పట్టాలు, రెండు వేల మందికి పైన పనోళ్లు. వేరే రాష్ట్రంల పని చేస్తుంటె దెబ్బ తగిలిందని మోంటానాల కేసేస్తే సుప్రీం కోర్టు కుదరదన్నది. గంత పట్టా ఉన్నా, గంత మంది ఉన్నా, అది దాని ఇల్లు కాదంట!

చికాగో_చలపతి
చూశారా! అమ్మాజీ గారి సీసాకీ, రెండు వేల మైళ్ల పట్టాలకీ ఒకే రూలు. ఆవిడ మీద నాకేం కోపం లేదు. దేశమంతా లాభాలు ఏరుకునేవాడు దేశమంతా జవాబు చెప్పాలి, అంతే నేననేది.

ఎడిసన్_వకీలు
ఒకప్పుడు దాదాపు అలాగే ఉండేది. ఎక్కడ పెద్ద ఎత్తున వ్యాపారం చేస్తే అక్కడ ఏ కేసైనా వేసేవాళ్లు. 2011లో గుడ్‌ఇయర్ తీర్పుతో తలుపు మూసుకోవడం మొదలైంది. పారిస్ దగ్గర బస్సు బోల్తా పడి నార్త్ కరొలైనా పిల్లలిద్దరు చనిపోయారు, పదమూడేళ్ల వాళ్లు. టైరు తయారైంది టర్కీలో. అదే బ్రాండు టైర్లు కొన్ని నార్త్ కరొలైనాలో అమ్ముడైనంత మాత్రాన టర్కీ కంపెనీని అక్కడికి పిలవలేరంది. 2014లో డైమ్లర్ కేసులో ఇంకా బిగించారు: రిజిస్టరైన చోటు, హెడ్ ఆఫీసు, ఇంచుమించు అంతే.

2017లో బీఎన్‌ఎస్‌ఎఫ్ తర్వాత కొద్ది వారాలకే బ్రిస్టల్-మయర్స్ మందుల కంపెనీ తీర్పు వచ్చింది. ప్లావిక్స్ మాత్ర వాడి జబ్బుపడ్డామని 678 మంది కాలిఫోర్నియా కోర్టులో కలిసి వేశారు. అందులో కాలిఫోర్నియా వాళ్లు 86 మందే. ఆ రాష్ట్రంలో కంపెనీ 18 కోట్ల 70 లక్షల మాత్రలు అమ్మింది, 90 కోట్ల డాలర్ల పైన వచ్చింది. అయినా మిగతా 592 మంది మందు కొన్నదీ, మింగిందీ, జబ్బుపడిందీ అక్కడ కాదు కాబట్టి వాళ్ల కేసు అక్కడ నడవదంది. 8-1. ఒప్పుకోని ఒక్కరూ జస్టిస్ సోటమయోర్. దేశమంతా ఒకే తీరున జనానికి హాని చేసిన కంపెనీని ఒకే కోర్టులో నిలబెట్టే దారి మూసుకుపోతోందని రాశారావిడ. ఆ విషయంలో నేను ఆవిడ పక్షమే.

చికాగో_చలపతి
అదీ. ఒక్కొక్కరికీ నష్టం చిన్నదైతే ఎవరి రాష్ట్రంలో వాళ్లకి లాయరు కూడా దొరకడు. కలిస్తేనే బలం, కలవనివ్వరు.

ఆవకాయ_అమ్మాజీ
కలవొచ్చు కదండీ, ఆ కంపెనీ సొంత రాష్ట్రంలో. అక్కడ ఎవ్వరూ అడ్డుపడట్లేదుగా.

బే_ఏరియా_బుజ్జి
ఆన్‌లైన్ సంగతేంటి? డీలర్ యాడ్ శ్రీను అన్న ఫోన్‌లో టెక్సస్‌లోనే కనిపించింది. 2025 ఏప్రిల్‌లో షాపిఫై తీర్పు ఇచ్చింది మా నైన్త్ సర్క్యూట్ (పడమటి రాష్ట్రాల ఫెడరల్ అప్పీల్ కోర్టు). కాలిఫోర్నియాలో కూర్చుని కొన్నవాడి ఫోన్‌లో వాళ్ల కుకీలు పెట్టినందుకు కెనడా కంపెనీని కాలిఫోర్నియాలో నిలబెట్టొచ్చన్నారు.

ఆస్టిన్_అరుణ
టెక్సస్ లైసెన్స్ ఉన్నదాన్ని, ఇక్కడ కొంచెం మాట్లాడతా. బుజ్జీ, నైన్త్ సర్క్యూట్ మాట టెక్సస్ కోర్టులని కట్టిపడెయ్యదు. పైగా షాపిఫై తన కోడ్‌ని ఆ ఫోన్‌లోకే పంపింది. వెబ్‌సైట్ అందరికీ కనిపించడం వేరు.

శ్రీను గారూ, మీ లాయరు భయపడింది మిషియానా కేసు చూసి. 2005, టెక్సస్ సుప్రీం కోర్టు. ఇక్కడి మనిషి ఒకరు ఇండియానాలోని డీలర్‌కి తనే ఫోన్ చేసి 64,000 డాలర్లు పెట్టి ఆర్‌వీ (ఇల్లులా ఉండే బండి) కొన్నాడు. టెక్సస్‌కి తెప్పించుకున్నాడు. బాగాలేదని హ్యూస్టన్‌లో కేసు వేస్తే, ఇండియానా డీలర్ ఇక్కడి గిరాకీ వెతుక్కోలేదు, ఈయనే అక్కడికి వెళ్లాడని కొట్టేశారు. ఫోన్‌లో అబద్ధం చెప్పినా, ఆ మాట విన్నది టెక్సస్‌లోనే అయినా చాలదన్నారు. మీరైతే విమానమెక్కి వెళ్లి మరీ కొన్నారు. డీలర్ లాయరు మొదటి పేజీలోనే ఈ కేసు పెడతాడు.

అలాగని నేను ఎడిసన్ గారంత నిరాశగా లేను. 2021లో లూసియానో కేసులో ఇదే టెక్సస్ సుప్రీం కోర్టు, ఇక్కడ ఇళ్లకి ఇన్సులేషన్ ఫోమ్ అమ్మిన కనెక్టికట్ కంపెనీని ఇక్కడే జవాబు చెప్పమంది. అది ఇక్కడి మార్కెట్ కోసం వచ్చినట్టు రుజువులు కనబడ్డాయి. కాబట్టి అడగాల్సింది ఒక్కటే: మీ డీలర్‌కి మీరు దారినపోయే ఒక్క టెక్సస్ కస్టమరా, లేక వాడు టెక్సస్ వాళ్ల కోసమే వల వేస్తున్నాడా?

ఫ్రిస్కో_శ్రీను
అరుణ గారూ, వాడి ఇన్‌స్టాగ్రామ్ ఇప్పుడే చూశా. డల్లాస్, హ్యూస్టన్ వాళ్లకి తాళాలు ఇస్తున్న ఫొటోలు చాలానే ఉన్నాయి. "టెక్సస్‌కి డెలివరీ చేస్తాం" అని పోస్టులున్నాయి. ఇంకోటి, ఇక్కడ టైటిల్‌కి, అంటే బండి ఓనర్‌షిప్ కాగితానికి, పెట్టుకునే 130-యు ఫారం వాళ్లే నింపి నా చేతిలో పెట్టారు, డీలర్ భాగంతో సహా. అది పనికొస్తుందా?

ఆస్టిన్_అరుణ
బాగా పనికొస్తుంది! ఈ రాత్రే అన్నీ స్క్రీన్‌షాట్లు తీయండి, తేదీ, లింకు కనబడేలా. కేసు వేశాక పోస్టులు మాయమవుతాయి. 130-యు కాపీ, వాట్సాప్ చాట్ ఎక్స్‌పోర్ట్, జెల్ రసీదు ఒక చోట పెట్టండి. స్టీరింగ్ కవర్, రెసిస్టర్ బాడీషాప్ దగ్గర వదలొద్దు. కారు ఇన్సూరెన్స్ వాళ్లకి ఇచ్చెయ్యొద్దు. జ్యూరిస్డిక్షన్ ఏ ఊరిదైనా ఆ రెసిస్టరే మీ సాక్షి.

మోడరేటర్
డీలర్ పేరు, ఇన్‌స్టాగ్రామ్ లింకు ఉన్న రెండు పోస్టులు తీసేశాం. పేర్లు వద్దు. చర్చ కొనసాగించండి.

గోదారోడు
ఎడిసన్ గారూ, ఫోర్డ్ కేసు అని ఆశపెట్టి వెళ్లిపోయారు.

ఎడిసన్_వకీలు
వచ్చా. 2021 మార్చి. మోంటానాలో ఫోర్డ్ ఎక్స్‌ప్లోరర్ టైరు పైపొర ఊడి బోల్తాపడి ఒకావిడ చనిపోయింది. మిన్నెసోటాలో క్రౌన్ విక్టోరియాలో ఎయిర్‌బ్యాగ్ తెరుచుకోక ఒకతని మెదడుకి దెబ్బ తగిలింది. రెండు కార్లూ మొదట అమ్ముడైంది వేరే రాష్ట్రాల్లో, చేతులు మారి అక్కడికొచ్చాయి. "ఈ కారు మేం మోంటానాలో అమ్మలేదు, కాబట్టి మమ్మల్ని అక్కడ అడగొద్దు" అంది ఫోర్డ్. 8-0తో ఓడింది. అదే మోడళ్లని ఆ రాష్ట్రాల్లో ఏళ్ల తరబడి యాడ్‌లిచ్చి అమ్ముతూ, సర్వీస్ చేస్తూ, ఆ రాష్ట్రపు మనిషికి అక్కడే దెబ్బ తగిలితే, ఈ బండి నాది కాదన్నట్టు మాట్లాడకూడదని జస్టిస్ కేగన్ రాశారు. కేసు ఆ వ్యాపారం నుంచే పుట్టక్కర్లేదు, దానికి సంబంధించినదైతే చాలు.

అమ్మాజీ గారూ, మీ ప్రశ్నకి ఇదే జవాబు. మీరు ఓరెగాన్‌లో అదే పచ్చడిని గట్టిగా మార్కెట్ చేస్తుంటే, సూట్‌కేసులో వెళ్లిన సీసాకి కూడా పిలుపు రావొచ్చు. అప్పుడప్పుడూ ఒకటీ అరా పార్సిల్ అయితే వేరు. చిన్నవాళ్లని ఫోర్డ్‌తో ఒకే గాట కట్టట్లేదని ఆ తీర్పులోనే ఇంట్లో చేసిన బొమ్మలు ఆన్‌లైన్‌లో అమ్మే రిటైరైన మనిషి ఉదాహరణ ఒకటి ఇచ్చారు.

ఆవకాయ_అమ్మాజీ
బొమ్మల ఆయన్ని తలుచుకుని ఇవాళ నిద్రపోతా. నిజంగానే మనసు కుదుటపడింది.

ఫ్రిస్కో_శ్రీను
అయితే మా కారు కంపెనీ మీద ఇక్కడ వేయొచ్చుగా? వాళ్లకి టెక్సస్ నిండా షోరూములే.

ఎడిసన్_వకీలు
వేయొచ్చు, జ్యూరిస్డిక్షన్ దొరుకుతుంది. కానీ వాళ్ల తప్పేముంది? ఫ్యాక్టరీ పెట్టిన ఎయిర్‌బ్యాగ్‌ని ఎవరో పీకేశారు. దొరికినవాడి మీద వేయడం వేరు, చేసినవాడి మీద వేయడం వేరు.

చికాగో_చలపతి
ఇక్కడే నాకు ఒళ్లు మండుతుంది. ఏ పాపం తెలియని కంపెనీని టెక్సస్‌లో పిలవొచ్చు, పాపం చేసినవాడిని పిలవడానికి ఇంత రామాయణం.

వరంగల్_వేణు
ఇంకో దారి ఉంది గద? 2023ల నార్‌ఫోక్ సదర్న్ తీర్పు. ఒహాయో, వర్జీనియాల ఇరవై ఏండ్ల దాక పని చేసి కేన్సర్ వచ్చిన రైల్ కార్మికుడు పెన్సిల్వేనియాల కేసేసిండు. కంపెనీ పుట్టింది వర్జీనియాల. పెన్సిల్వేనియా చట్టంల ఏముందంటే, ఈడ వ్యాపారం జేస్తమని రిజిస్టర్ చేసుకున్నోళ్లు ఏ కేసుకైనా ఈడి కోర్టుకు ఒప్పుకున్నట్టే. 5-4తోని గది చెల్లుతదన్నరు. మల్ల శ్రీను అన్న డీలర్ టెక్సస్‌ల రిజిస్టర్ అయ్యిండో సూస్తే?

ఆస్టిన్_అరుణ
మంచి ఆలోచన వేణూ, కానీ పెన్సిల్వేనియా చట్టం ఆ మాట బాహాటంగా రాసుకుంది. టెక్సస్ చట్టంలో అలాంటి వాక్యం లేదు. న్యూయార్క్ అసెంబ్లీ అలాంటి బిల్లు పాస్ చేస్తే గవర్నర్ హోకల్ వీటో చేశారు. పైగా ఆ 5-4లో జస్టిస్ అలిటో, డ్యూ ప్రాసెస్‌తో ఇబ్బంది లేదు గానీ రాష్ట్రాల మధ్య వ్యాపారానికి అడ్డు అవుతుందేమో ఇంకో కేసులో చూడాలని విడిగా రాశారు. ఆ పునాది ఇంకా గట్టిపడలేదు.

గోదారోడు
డీలర్ ఓనరు పెళ్లికో పేరంటానికో డల్లాస్ వస్తే ఎయిర్‌పోర్టులోనే సమన్లు చేతిలో పెట్టేస్తే?

ఎడిసన్_వకీలు
నవ్వులాటకి అన్నారేమో, అది నిజంగానే చట్టం! 1990లో బర్నమ్ కేసు. న్యూజెర్సీ భర్త పిల్లల్ని చూడ్డానికి కాలిఫోర్నియా వెళ్తే అక్కడే విడాకుల కాగితాలు చేతిలో పెట్టారు. చెల్లుతుందన్నారు. అది మనిషికి. ఓనరు చేతికి ఇస్తే ఓనరు దొరుకుతాడు, కంపెనీ దొరకదు. ఓనరే స్వయంగా మోసం చేశాడని చూపించగలిగితే అప్పుడు పనికొస్తుంది.

బెజవాడ_బార్
ఇక్కడ మనకి ఇంత పీటముడి లేదు. సివిల్ ప్రొసీజర్ కోడ్ సెక్షన్ 20 ప్రకారం కాజ్ ఆఫ్ యాక్షన్‌లో (దావాకి కారణమైన సంఘటనల్లో) కొంత భాగం మీ ఊళ్లో జరిగినా మీ ఊళ్లో దావా వేయొచ్చు. వినియోగదారుల కేసైతే ఇంకా సులువు. 2019 చట్టం సెక్షన్ 34 వచ్చాక, కొన్నవాడు తానున్న చోటే ఫిర్యాదు వేసుకోవచ్చు. గుంటూరు మనిషి ముంబై కంపెనీ మీద గుంటూరు కమిషన్‌లోనే వేస్తాడు. మాది ఒకే దేశం, ఒకే వరస కోర్టులు. మీకు ఒక్కో రాష్ట్రం ఒక్కో రాజ్యం.

ఒక సందేహం. మన ఇస్రో వాళ్ల వ్యాపార కంపెనీ ఆంట్రిక్స్ కేసులో అమెరికా సుప్రీం కోర్టు మినిమమ్ కాంటాక్ట్స్ అక్కర్లేదందని చదివాను. మరి ఈ రూలు అక్కడేమైంది?

ఎడిసన్_వకీలు
2025 జూన్ తీర్పు. ఆంట్రిక్స్ భారత ప్రభుత్వానిది, కాబట్టి విదేశీ ప్రభుత్వాల మీద కేసులకున్న ప్రత్యేక చట్టం కిందికి వస్తుంది. ఆ చట్టం మినిమమ్ కాంటాక్ట్స్ అడగట్లేదని మాత్రమే తేల్చారు. రాజ్యాంగం అడుగుతుందా అన్నది కింది కోర్టుకి వదిలారు. మామూలు కంపెనీకి, రాష్ట్ర కోర్టుకి అది వర్తించదు.

బెంచి_మీద_ఉన్నా
మధ్యలో దూరుతున్నా, ఏమనుకోకండి. నేను కాలిఫోర్నియాలో ఉంటున్నా, ఇక్కడి క్లయింట్ దగ్గరే పని చేశా. కన్సల్టెన్సీ న్యూజెర్సీది. రెండు నెలల జీతం ఆపారు. అడిగితే "కాంట్రాక్ట్‌లో న్యూజెర్సీ కోర్టు అని ఉంది, అక్కడికొచ్చి అడుగు" అంటున్నారు. 2022లో సంతకం పెట్టా.

ఎడిసన్_వకీలు
తమ్ముడూ, కాంట్రాక్ట్‌లో కోర్టు రాసుకుంటే మామూలుగా ఈ చర్చంతా పక్కకి పోతుంది, ఒప్పుకున్నారు కాబట్టి. 1991లో కార్నివాల్ కేసులో క్రూయిజ్ టికెట్ మీద అచ్చేసిన షరతు కూడా చెల్లిందన్నారు. వాషింగ్టన్ రాష్ట్రం దంపతులు ఫ్లోరిడా వెళ్లాల్సొచ్చింది. కానీ నీకు కాలిఫోర్నియా లేబర్ కోడ్ సెక్షన్ 925 ఉంది. 2017 నుంచి రాసుకున్న ఉద్యోగ ఒప్పందాల్లో, కాలిఫోర్నియాలో ఉంటూ అక్కడే పని చేసేవాళ్లని బయటి రాష్ట్రంలో దావా వేసుకోమని బలవంతపెట్టకూడదు. నీ తరఫున సొంత లాయరు కూర్చుని ఆ షరతు మాట్లాడి ఉంటే తప్ప, దాన్ని నువ్వు రద్దు చేయించుకోవచ్చు. జీతం ఫిర్యాదు లేబర్ కమిషనర్ ఆఫీసులో వెయ్యి, లాయరు లేకుండానే వేయొచ్చు.

బెంచి_మీద_ఉన్నా
సార్, ఇది తెలియక ఇన్నాళ్లు భయపడుతూ కూర్చున్నా. చాలా థాంక్స్.

ఆస్టిన్_అరుణ
శ్రీను గారూ, ఆ మాట మీకూ వర్తిస్తుంది. కొన్నప్పటి కాగితాలు వెనకాముందూ చూడండి. కోర్టు గురించి గానీ, ఆర్బిట్రేషన్ (కోర్టు బయట మధ్యవర్తి తీర్పు) గురించి గానీ ఏమైనా ఉందా?

ఫ్రిస్కో_శ్రీను
ఉంది అరుణ గారూ. బిల్ ఆఫ్ సేల్ వెనకవైపు, లేత బూడిదరంగు అక్షరాల్లో. తగాదాలన్నీ జార్జియా గ్విన్నెట్ కౌంటీ కోర్టుల్లోనే అని. ఆర్బిట్రేషన్ లేదు. ఇక అయిపోయినట్టేనా?

చికాగో_చలపతి
లేత బూడిదరంగు! చూడకూడదనే కదా ఆ రంగు.

ఆస్టిన్_అరుణ
అయిపోలేదు. సంతకం ఎవరిది?

ఫ్రిస్కో_శ్రీను
నాదొక్కడిదే. టైటిల్ కూడా నా పేరు మీదే.

ఆస్టిన్_అరుణ
అయితే రెండు కేసులుగా విడదీసి చూడండి. కారు డబ్బు, మోసం, కాంట్రాక్ట్: ఇవి మీవి. వీటికి గ్విన్నెట్ షరతు గట్టిగా అడ్డొస్తుంది. గాయం మీ ఆవిడది. ఆవిడ ఆ కాగితం మీద సంతకం పెట్టలేదు. భర్త కాంట్రాక్ట్ వల్ల లాభపడింది కాబట్టి ఆవిడా కట్టుబడాలని డీలర్ వాదిస్తాడు, కొన్ని కోర్టులు వింటాయి కూడా. కానీ ఎయిర్‌బ్యాగ్ లేని కారు రోడ్డెక్కించిన నిర్లక్ష్యం మీద ఆవిడ వేసే కేసు కాంట్రాక్ట్ మీద ఆధారపడదు. టెక్సస్ గిరాకీ రుజువులన్నీ ఆ కేసులో వాడాలి.

ఎలా నడుస్తుందో కూడా తెలుసుకోండి. సమన్లు అందాక 20 రోజులు గడిచి, తర్వాత వచ్చే సోమవారం పొద్దున 10 గంటల్లోపు డీలర్ జవాబివ్వాలి. తెలివైన లాయరైతే అన్నిటికంటే ముందు రూల్ 120ఎ కింద స్పెషల్ అప్పియరెన్స్ వేస్తాడు, "నేను వచ్చింది మీకు నామీద అధికారం లేదని చెప్పడానికే" అని. అది మర్చిపోయి మామూలు జవాబు ముందు వేస్తే ఆ హక్కు పోయినట్టే. వేశాక జడ్జి ఎటు తేల్చినా ఓడినవాళ్లు వెంటనే అప్పీలుకి వెళ్లొచ్చు. ఎయిర్‌బ్యాగ్ సంగతి ఎవరూ అడక్కుండానే ఏడాది పైన గడిచిపోవచ్చు.

బే_ఏరియా_బుజ్జి
ఫెడరల్ కోర్టులో వేస్తే ఈ గోల తప్పుతుందా?

ఆస్టిన్_అరుణ
తప్పదు. ఇలాంటి కేసులో టెక్సస్‌లోని ఫెడరల్ కోర్టుకీ టెక్సస్ కోర్టుకున్న హద్దులే. ఒక్క మేలుంది. అధికారం లేదనుకుంటే కొట్టెయ్యకుండా జార్జియా ఫెడరల్ కోర్టుకి బదిలీ చెయ్యొచ్చు. రాష్ట్ర కోర్టు ఇంకో రాష్ట్రానికి కేసు పంపలేదు, కొట్టెయ్యాల్సిందే. 75,000 డాలర్లు దాటిన కేసైతే ఇది ఆలోచించాలి. ఆస్పత్రి బిల్లులు, సర్జరీ లెక్కేస్తే మీది దాటేలా ఉంది.

గాయం కేసుకి టెక్సస్‌లోనూ జార్జియాలోనూ గడువు రెండేళ్లు. ఇక్కడ అప్పీళ్లు అయ్యేలోగా అక్కడ గడువు దాటిపోతే రెండూ పోతాయి. నేనైతే జార్జియా లాయరుతో ఈ వారమే మాట్లాడతా. అక్కడి ఫెయిర్ బిజినెస్ ప్రాక్టీసెస్ చట్టం (వినియోగదారుల రక్షణ చట్టం) కింద వేయాలంటే 30 రోజుల ముందు రాతపూర్వకంగా నోటీసు ఇవ్వాలి, ఆ పని ఇప్పుడే మొదలెట్టొచ్చు.

చికాగో_చలపతి
చివరికి గ్విన్నెట్టేనన్నమాట.

ఆస్టిన్_అరుణ
మీ కోపం నాకూ ఉంది చలపతి గారూ. కానీ ఏడాది పాటు ఏ ఊళ్లో మాట్లాడాలన్న దానిమీదే డబ్బు తగలేసి, అసలు మాట అనకుండా పోవడం నాకు ఇంకా కోపం తెప్పిస్తుంది. ఇక్కడి రుజువు చాలా గట్టిగా ఉంటేనే ఇక్కడ పోరాడాలి.

ఫ్రిస్కో_శ్రీను
రేపు జార్జియా లాయరుకి ఫోన్ చేస్తున్నా. మా ఆవిడ అడుగుతోంది, అక్కడ వేస్తే తను సాక్ష్యం చెప్పడానికి ప్రతిసారీ అట్లాంటా వెళ్లాలా అని. ఈ చేత్తో ప్రయాణం తనకి కష్టం.

ఆస్టిన్_అరుణ
ప్రతిసారీ అక్కర్లేదు. డిపాజిషన్ (విచారణకి ముందు కోర్టు బయట తీసుకునే సాక్ష్యం) జూమ్‌లో పెట్టమని అడగొచ్చు, ఈమధ్య మామూలే. డాక్టర్లది, బాడీషాప్ అతనిది ఇక్కడే వీడియోలో రికార్డ్ చేయిస్తారు. విచారణ దాకా వెళ్తే ఆవిడ ఒక్కసారి వెళ్లాల్సి వస్తుంది. జార్జియా లాయరుని మొదటి ఫోన్‌లోనే ఇది అడగండి. బాడీషాప్ అతని ఫోన్ నంబరు కూడా ఆ లాయరుకి అప్పుడే ఇచ్చెయ్యండి.

గోదారోడు
రెసిస్టర్ ఎక్కడుంది బాబూ ఇప్పుడు?

ఫ్రిస్కో_శ్రీను
బాడీషాప్‌లోనే అన్నా. పొద్దున్నే వెళ్లి సంతకం పెట్టించుకుని తెచ్చుకుంటా.